ఎడ్లు చెప్పిన సాక్ష్యము

పశువునకు విషము తగిలినదని విన్నంతనే మన పల్లెవాసుల మనస్సున మెదలు చిత్రములు కొన్ని కలవు. వానలు మొగము చాటువేసిన యేట, పెరుగుదల లేక వాడియున్న లేత జొన్నచేనిలో పలుపు త్రెంచుకొనిన ఆవు పడును. గడియ గడువకముందే రొప్పుచు, తూలుచు, కాళ్లు తన్నుకొని నేలకొరగును. దీనిని రైతులు నాము తగులుట యందురు. లేత జొన్నలో ధురిన్ అను పదార్థము కలదనియు, అది పశువు కడుపున విడివడి సయనైడు అగుననియు 1902లో డన్‌స్టన్, హెన్రీ అను ఇరువురు రసాయనజ్ఞులు తేల్చిరి. ఆ పేరు తెలియకున్నను మన తాతలు బెట్టకు వచ్చిన జొన్నలోనికి పశువును పోనిచ్చెడివారు కారు. గన్నేరాకు మేసిన మేక, ఆముదపు గింజలు నమిలిన దూడ, మందు చల్లిన మిరపచేని గట్టున గడ్డి కొరికిన గేదె, ఇట్టి కథలు ప్రతి గ్రామమునందును వినబడును. ఇవి యన్నియు వేగముగా చంపు విషములు. ఏది చంపినదో, ఎచట చంపినదో సాయంత్రములోపల ఊరందరికిని తెలియును.

విషము పెట్టువాడొకడుండునను తలంపు చట్టమునందును నిలిచియున్నది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 428, 429 సెక్షనులు పశువును చంపుట, విషము పెట్టుట, అంగవైకల్యము కలిగించుట, నిరుపయోగము చేయుట అను నాలుగింటిని ఒకే వరుసలో నేరములుగా పేర్కొనెను. 2024లో దాని స్థానమున వచ్చిన భారతీయ న్యాయసంహితయు ఆ తలంపును విడువలేదు. 19వ శతాబ్దమున ఉత్తరదేశమునందు గురివింద గింజల పిండితో చేసిన ములుకులతోను, పాషాణముతోను పశువులను చంపిన నేరములను గూర్చి ఆంగ్ల వైద్యులు గ్రంథములలో వ్రాసిరి. తోళ్లకొరకు చంపిరని చర్మకారుల కులము మొత్తముమీద నింద మోపబడెను. నేరములు కొన్ని నిజమే కావచ్చును. కాని ఆ దినములలో రిండర్‌పెస్టు అను పశువుల మహామారి ఊళ్లకు ఊళ్లను ఊడ్చివేయుచుండెను; రోగమున చచ్చిన పశువు లెక్కయు పలుమారు ఆ పేదల నెత్తినే పడెనని ఇటీవలి చరిత్రకారులు చూపుచున్నారు. పశువు పడిపోయినపుడు మొదట మనుష్యుని అనుమానించుట మనకు అలవాటు.

ఇపుడు చెప్పబోవు విషమును పెట్టినవాడు లేడు. అది ఎద్దును ఒక దినమున చంపలేదు. చట్టము వరుసలో చివరనున్న రెండు మాటలనే అది మెల్లగా నిజము చేసెను: అంగవైకల్యము, నిరుపయోగము. అది పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతపు మెట్టభూములలో బావినీటియందు కరగియుండిన ఫ్లోరైడు.

ఈ సీమ చరిత్రను ఒకింత జ్ఞాపకము చేసికొందము. పొదిలియు దర్శియు చిరకాలము వేంకటగిరి సంస్థానమునకు చెందిన భాగములు. ఆంగ్లేయుల పాలనలో ఇవి నెల్లూరు జిల్లాలో నుండెను. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడినపుడు అందు చేరెను. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టబడెను. పడమట వెలిగొండలు, తూర్పున దూరముగా సముద్రము. నడుమ రాతినేల, ఎఱ్ఱనేల, అక్కడక్కడ నల్లరేగడి. గుండ్లకమ్మ, ముసి వంటి ఏరులు వానకాలమున పొంగి వేసవిని ఇసుకగా మిగులును. చెరువు నిండిన యేడు చెరువు నీరు, నిండని యేడు బావినీరు. బావిపై కపిల, కపిలకు ఎడ్లు. జొన్న, సజ్జ, కంది, ప్రత్తి, మిరప, పొగాకు ఏది పండినను ఎద్దు మెడమీదనే పండవలెను.

ఆ ఎద్దు సామాన్యమైనది కాదు. ఒంగోలు జాతి కోడె ఖ్యాతి ఖండాంతరములకు ప్రాకినది. 1904 వరకు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే యుండుటచేత, 19వ శతాబ్దమున ఈ పశువులు సముద్రము దాటినపుడు జిల్లా పేరే వానికి అంటుకొనెను. బ్రెజిలు దేశమున నేటికిని ఆ జాతిని నెలోర్ అని పిలుతురు. 1960 తరువాతి సంవత్సరములలో అచటికి పోయిన ఆబోతులలో ఒకదానికి కరవది అని ఒంగోలు చెంతనున్న గ్రామము పేరే నిలిచినది. ప్రపంచమున కోట్ల పశువులకు మూలమైన జాతి పుట్టిన జిల్లాలోనే, కొన్ని గ్రామములలో ఆ జాతి ఎద్దు నడివయస్సు రాకముందే కాడి క్రింద నిలువలేకపోయెను.

సంతలో ఎద్దును కొనువాడు మొదట చేయు పని నోరు తెరచి చూచుట. పాలపండ్ల దూడ, రెండు పండ్ల గిత్త, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, ఆపై నోరు నిండినది అని పండ్లే వయస్సును చెప్పును. ఇంచుమించు రెండేండ్లకు మొదటి జత పాలపండ్లు ఊడి పెద్దపండ్లు వచ్చును; పిమ్మట నాలుగైదేండ్లలోపల ఎనిమిదియు నిండును. ఫ్లోరైడు అధికముగానున్న గ్రామముల దూడకు పాలపండ్లు సామాన్యముగా తెల్లగానే యుండును. రెండు పండ్లు వేసినపుడు రహస్యము బయటపడును. క్రొత్తపంటి పైపూత మెరుపు లేక సున్నమువలె పాలిపోయి, పసుపు, గోధుమ, నలుపు చారలతో, గుంటలతో కనబడును. పన్ను దవడలో రూపొందుచున్న కాలమున త్రాగిన నీటి గుర్తు అది. పన్ను పూర్తిగా ఏర్పడిన పిదప ఆ నీరు త్రాగినను దానికి ఈ మచ్చ రాదు. కావున పొరుగుసీమనుండి నోరు నిండిన తరువాత తెచ్చిన ఎద్దునకు పండ్లు చక్కగానే యుండును. దాని ఎముకలు మాత్రము తప్పించుకొనజాలవు. వయస్సు చెప్పుటకు మనము చదువుకొనిన ఆ పండ్లే, పశువు ఏ బావి నీరు త్రాగి పెరిగినదో కూడ చెప్పుచుండెనన్నమాట. చూచినవారందరును వయస్సును మాత్రమే చదివిరి.

ఎముకలలో వచ్చు కీడు ఇంకను నెమ్మదిగా వచ్చును. మొదట ఎద్దు ఉదయమున లేచుటకు తడబడును. నాలుగడుగులు వేసిన తరువాత సరిపడును గనుక రైతు దానిని బద్ధకమనుకొనును. ఒకనాడు కుంటును, మరునాడు కుంటదు. గిట్టలో ముల్లు వెదకిన కానరాదు. పిదప వెన్ను విల్లువలె వంగును. కాళ్ల యెముకలమీదను, ప్రక్కటెముకలమీదను, దవడమీదను బుడిపెలు లేచును. కొన్ని పశువులు మోకాళ్లమీద వ్రాలి మేయును. దవడపండ్లు ఎగుడుదిగుడుగా అరిగి నమలుట కష్టమగును. మేత తొట్టినిండ నున్నను ఎద్దు చిక్కిపోవును. చల్లని నీరు పండ్లకు తగిలి జివ్వుమనుటచే కొన్ని నోరార త్రాగక నాలుకతో నాకును. కీళ్లు బిగిసికొని దున్నుటకు పనికిరాని ఎద్దును రైతు ఏమి చేయును? పెట్టుబడి లేనివాడు, అదనుపోవునని ఆతురపడువాడు అమ్మివేయును. అప్పుచేసి మరియొకటి తెచ్చుకొనును. క్రొత్తదియు అదే తొట్టిలో నీరు త్రాగును.

ఈ వ్యాధి మన దేశమున మొట్టమొదట కనబడినది ఇచటి ఎడ్లయందే యనియు, దానిని మొదట గుర్తించినవారు రైతులే యనియు దీని చరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. నడువలేకపోవుచున్న ఎద్దును చూచి, నొప్పి కీళ్లలో నున్నదని వారు కనిపెట్టిరి. 1934లో హైదరాబాదు సంస్థానమునుండి మహాజన్, 1935లో మదరాసు రాజధానినుండి విశ్వనాథన్ పశువులలో ఈ వ్యాధిని గూర్చి తమ నివేదికలలో వ్రాసిరి. అప్పటికి ఇదే రోగము మనుష్యుల ఎముకలయందున్నదని మన దేశమున ఎవరును శాస్త్రరీత్యా ప్రకటించి యుండలేదు.

ఆ సమయమునకే ఇతర దేశములలో ఈ కథలోని తునకలు ఒక్కొక్కటిగా వెలికివచ్చుచుండెను. ఐస్‌లాండు ద్వీపమున 1783లో లాకీ అగ్నిపర్వతము బ్రద్దలైనపుడు పచ్చికపై పడిన బూడిదలోను, వాయువులలోను ఫ్లోరిన్ ఉండెను. ఆ దేశపు గొఱ్ఱెలలో ఇంచుమించు నూటికి 80, పశువులలో సగము నశించెను. వెనువెంటనే వచ్చిన కరవున ప్రజలలో ఐదవవంతునకు పైగా మరణించిరి. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ పట్టణమునకు 1901లో వచ్చిన మెక్కే అను దంతవైద్యుడు అచటి పిల్లల పండ్లపై గోధుమవన్నె మచ్చలను చూచి, కారణము నీటిలో నున్నదని ఊహించి, ముప్పదియేండ్లు దానివెంట బడెను. 1931లో చర్చిల్ అను రసాయనజ్ఞుడు ఆ నీటిలోని ఫ్లోరిన్‌ను పట్టి చూపెను. ఆ యేడే మొరాకోలో వేలూ అను పశువైద్యుడు భాస్వరపు రాళ్ల ప్రాంతమున గొఱ్ఱెల పండ్లను చెరచుచున్న రోగమునకు కారణము ఫ్లోరినే యని చెప్పెను. మూడు చోట్లలో రెంట పశువే మొదటి సాక్షియగుట గమనింపదగినది.

1937లో మదరాసు రాజధానియందలి ఫ్లోరోసిస్‌ను గూర్చి షార్ట్, మెక్‌రాబర్ట్, బార్నార్డ్, నాయర్ అను నలుగురు భారత వైద్యపరిశోధన పత్రికలో ఒక వ్యాసము ప్రకటించిరి. నీటివలన మనుష్యుల ఎముకలకు కలుగు ఫ్లోరోసిస్‌ను మన దేశమున తొలిసారి చూపిన రచన అదియే. వారు చూచిన రోగులు నెల్లూరు జిల్లావారు. షార్ట్‌గారు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ అధిపతి. 1948లో మలేరియా క్రిమి మనుష్యుని కాలేయమున దాగియుండు దశను గార్న్‌హామ్‌తో కలిసి కనుగొనినవారును ఆయనయే. బార్నార్డ్‌గారు మదరాసున ఎక్స్‌రే వైద్యశాలను నిలిపినవారు. ఎక్స్‌రే చిత్రములలో ఆ రోగుల వెన్నుపూసలు సుద్దవలె తెల్లగా, ఒకదానితో నొకటి అతుకుకొనిపోయి కనబడెను. ఎముకలను కట్టియుంచు నరములవంటి బంధనములు కూడ సున్నము పట్టి గట్టిపడెను. బాల్యమున పండ్లపై మచ్చలు. యౌవనమున నడుము పట్టు. నడివయస్సు దాటునప్పటికి మెడ త్రిప్పలేని, నడుము వంపలేని స్థితి. కొందరిలో పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కి కాళ్లు చచ్చుబడెను. గొడ్లపాకలో ఎద్దునకు జరిగినదే, ఇరువది ముప్పదియేండ్లు ఆలస్యముగా, ఇంటిలోని మనుష్యునకును జరిగెనన్నమాట.

ఎద్దునకు ముందుగా ఎందుకు? దీనికొక చిన్న లెక్క చాలును. లీటరు నీటిలో 4 మిల్లిగ్రాముల ఫ్లోరైడు కలదనుకొందము. కష్టపడు మనుష్యుడు వేసవిలో రోజునకు 4 లీటర్లు త్రాగిన 16 మిల్లిగ్రాములు లోనికి పోవును. 60 కిలోల శరీరమునకు కిలోకు పావు మిల్లిగ్రామునకు కొంచెము పైన. కపిల తోలు ఎద్దు 50 లీటర్లు త్రాగిన 200 మిల్లిగ్రాములు; 400 కిలోల శరీరమునకు కిలోకు అర మిల్లిగ్రాము. ఇంచుమించు రెట్టింపు. పైగా ఆ నీటితో పెరిగిన గడ్డిలో కొంత, నాకిన మట్టిలో కొంత చేరును. పెంపుడు జంతువులలో ఈ విషమునకు అన్నిటికంటె త్వరగా లొంగునది ఆవుజాతియే; గుఱ్ఱము కొంత ఓర్చును, కోడి మిక్కిలి ఓర్చును. బావిలోనుండి ఆ నీటిని తన మెడతో పైకి తోడినదియు ఎద్దే, తోడినదానిని అందరికంటె ఎక్కువగా త్రాగినదియు ఎద్దే.

ఈ ఫ్లోరైడు బావిలోనికి ఎవరును తెచ్చి పోసినది కాదు. ఇచటి నల్లరాతిలోను, అభ్రకమువంటి ఖనిజములలోను అది సహజముగనే కలదు. వాన తక్కువైన చోట నీరు రాతిపగుళ్లలో ఏండ్లతరబడి నిలిచి దానిని కరగించుకొనును. నీటిలో సున్నము పాలు ఎక్కువైనచో ఫ్లోరైడును పట్టి క్రిందికి దింపును; సున్నము తక్కువై, చవుడుపాలు హెచ్చిన నీటిలో అది కరగియే యుండును. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. కాచిన పోదు, నీరు ఆవిరియై తగ్గుకొలది మిగిలినదానిలో మరింత చిక్కబడును. వడకట్టినను పోదు. శరీరములో ప్రవేశించినదానిలో కొంత మూత్రముతో పోగా, మిగిలినది సున్నమును వెదకికొనుచు ఎముకలోను, పండ్లలోను చేరి కాపురముండును. నీటిలో లీటరునకు 1 మిల్లిగ్రాము వరకు మేలనియు, వేరు నీరు దొరకనిచో 1.5 మిల్లిగ్రాముల వరకు ఓర్వవచ్చుననియు భారతీయ ప్రమాణములు చెప్పుచున్నవి.

నెల్లూరు తరువాత నల్లగొండ. 1955లో సిద్దీఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఫ్లోరోసిస్‌ను గూర్చి బ్రిటిషు వైద్యపత్రికలో వ్రాసెను. 1940లో పండిట్‌గారును, వారి సహచరులును దక్షిణదేశమున జరిపిన పరిశోధనలో తిండి చాలనివారికి ఈ కీడు అధికముగా తగులునని చెప్పియుండిరి. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి అను పరిశోధకులు నల్లగొండ పిల్లలలో మోకాళ్లు లోనికి వంగిపోవుటను వర్ణించిరి. 1970 తరువాతి సంవత్సరములలో నాగపూరు పరిశోధనాలయమువారు పటికయు, సున్నమును కలిపి ఫ్లోరైడును పేరబెట్టి తీసివేయు విధానమును రూపొందించి దానికి నల్లగొండ పద్ధతియని పేరుపెట్టిరి. రోగమునకు పేరొందిన ఊరే నివారణకును పేరైనది. కాని పటికనీరు ఒక బిందెకు చాలును. ఒక జత ఎడ్లకు, రెండు గేదెలకు, పది గొఱ్ఱెలకు దినదినము పటిక వేసి నీరు తేర్చి పోయగల గృహస్థు ఎవడు?

ఇంతలో బావి మారెను. కపిల పోయి ఇంజను వచ్చెను, ఇంజను పోయి కరెంటు మోటారు వచ్చెను. పైనీరు ఎండినకొలది బోరు లోతునకు, ఇంకను లోతునకు పోయెను. కలరా, అతిసారముల భయముతో చెరువునీరు మానిపించి బోరుబావులు వేయించుట మంచి తలంపుతో జరిగినదే. లోతురాతి నీటిలో క్రిములు తక్కువ. కాని మన మెట్టసీమలో పెక్కుచోట్ల ఫ్లోరైడు ఎక్కువ.

దీనికి నిజమైన మందు నదీజలమే. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967లో కాలువలకు నీరు వదలబడెను. కుడికాలువ శాఖలు దర్శి, అద్దంకి, ఒంగోలు ప్రాంతములకు కృష్ణను తెచ్చెను. వాని ఆవల మిగిలిన మెట్టలకొరకు కొండలను తొలచి శ్రీశైలమునుండి నీరు తెచ్చు వెలిగొండ పథకమును కోరి పోరాడిన పూల సుబ్బయ్యగారి పేరే నేడు ఆ పథకమునకున్నది. 1996లో దానికి శంకుస్థాపన జరిగెను. 4 లక్షల 47 వేల ఎకరములకు సాగునీరు, 15 లక్షల 25 వేల మందికి త్రాగునీరు దాని లక్ష్యము. 2024లో సొరంగములను జాతికి అంకితము చేసిరి. ఈ లెక్కలో ఎకరములున్నవి, మనుష్యులున్నారు. పశువులు ఎన్నియో చెప్పు అంకె లేదు.

ఇది తప్పుపట్టుటకు చెప్పుట కాదు, ఇంటిలోని సంగతిని జ్ఞాపకము చేయుటకు చెప్పుట. రెండు విధముల నీరు గల యింట మంచినీరు కడవలోనికిని, బోరునీరు తొట్టిలోనికిని పోవుట సహజము. బిడ్డను రక్షించుకొని పిదప పశువును తలంచుట లోకరీతి. అయినను చూలు ఆవునకు, పాలు విడిచిన దూడకు, నోరు నిండని కోడెకు చెరువునీరో, వాననీరో, కుళాయినీరో దొరికినంత పోయుట వ్యర్థము కాదు. పండ్లు ఏర్పడు ఆ నాలుగేండ్లలో తప్పించుకొనినది జీవితాంతము నమలగలుగును. పాలను గూర్చి భయము వలదు. ఆవు త్రాగిన ఫ్లోరైడులో పాలలోనికి దిగునది అత్యల్పము. ఎముకలో ఒకసారి చేరినదానిని తీసివేయు మందు లేదు. నీరు మార్చినచో క్రొత్తగా చేరుట నిలిచిపోవును, చేరినదియు ఏండ్లమీద కొంత తరుగును.

వైద్యులు 1937లో చెప్పినదానిని ఎడ్లు అంతకుముందే చెప్పియుండెను. వాని మాటను మొదట ఆలకించినవాడు ఎద్దు లేవలేనపుడు దాని మోకాలిని నిమిరి చూచిన రైతు. ఆ సాక్ష్యము సంతలో అమ్ముడుపోకుండ పశువైద్యునియొద్దకు పోయిన నాడే అది శాస్త్రమైనది. ఆనాటినుండి రెండు మూడేండ్లకు మనుష్యుని వంతు వచ్చెను. కావున నేటికిని మెట్టగ్రామమున దూడకు రెండు పండ్లు మచ్చలతో వచ్చినను, కారణము కనబడక ఎద్దు ఉదయమున కుంటినను, పశువును అమ్ముటకు ముందు ఆ తొట్టిలోని నీటిని ఒక సీసాలో పట్టి పరీక్షకు పంపవలెను. ఆ ఇంటిలో పాలపండ్లు ఊడుచున్న బిడ్డయు ఉండవచ్చును.